ఆకు వీపు చూసే మనిషి

ప్రతి శుక్రవారం మా ఇంట్లో ప్లాస్టిక్ మొక్కలకు స్నానం. జగిత్యాలలో మేం కట్టుకున్న ఇల్లు రోడ్డు పక్కనే. హాల్లో పెట్టిన నాలుగు ప్లాస్టిక్ కుండీల మీద వారం తిరిగేసరికి దుమ్ము పేరుకుంటుంది. నా భార్య తడిగుడ్డ తీసుకుని ఒక్కో ఆకూ తుడుస్తుంది. ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన నేను సోఫాలో కూర్చుని చూస్తుంటాను. మొన్న శుక్రవారం ఆమె ఒక ఆకును పైపైన తుడిచి వదిలేస్తుంటే నా నోట్లోంచి అనుకోకుండా ఒక మాట ఊడిపడింది.

"ఈపు గూడ తుడువు."

"ఏంది?"

"ఆకు ఈపు. కింది దిక్కు."

"ప్లాస్టిక్ ఆకుకు ఈపేంది, కడుపేంది? గంత ప్రేముంటే మీరే తుడువుండ్రి" అని గుడ్డ నా ఒళ్లో పడేసి వంటింట్లోకి పోయింది.

ఆ మాట నాది కాదు. ఆయనది. ఆయన పోయి ఏడాది దాటింది. పేరు రాయను. బతికున్నప్పుడు ఎవరు పేరడిగినా "వాచర్ అని రాసుకోండ్రి, సాలు" అనేవాడు. నిజానికి ఆ వాచర్ అన్నది కూడా ఉద్యోగం కాదు, రోజు కూలి. అడవిశాఖ వాళ్లిచ్చిన ఖాకీ చొక్కా ఒకటి ఉండేది. అది ఆయనకంటే ముందు ఇంకెవరికో కుట్టినది కాబట్టి భుజాలు మోచేతుల దాకా జారేవి.

బోయినపల్లి దాటి కొంత దూరం పోతే రోడ్డు పక్కన ఒక గుట్ట, గుట్ట చుట్టూ అడవి ఉంటాయి. రక్షిత అటవీ ప్రాంతం అని పచ్చరంగు బోర్డు. అనుమతి లేకుండా లోపలికి రావద్దు, చెట్టు కొట్టవద్దు, కొడితే శిక్ష అని దాని మీద రాసి ఉంటుంది. రోడ్డుకు అవతలి పక్క, అడవి హద్దుకు సరిగ్గా బయట, రాళ్లు పగలగొట్టి కంకర చేసే క్రషర్ ఉంది. అది అడవిలో ఒక్క పుల్ల కూడా విరవలేదు. చట్టం ప్రకారం క్రషర్ అడవి బయట ఉంది. దాని దుమ్ము మాత్రం లోపల ఉంది.

"బోర్డు మనుషుల కోసం పెట్టిండ్రు సార్. దుమ్ముకు సదువెక్కడిది?" అనేవాడు ఆయన.

మొదటిసారి ఆయన నన్ను పట్టుకున్నాడు. నిజంగానే పట్టుకున్నాడు. అప్పట్లో నేను కోరుట్లలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ని. పిల్లలను రెండు జీపుల్లో కుక్కుకుని మొక్కల నమూనాలు సేకరించడానికి ఆ గుట్టకు తీసుకుపోయాను. పిల్లలు తునికి, మోదుగ, రేల, ఏది దొరికితే అది తెంపి కాగితాల మధ్య పెడుతున్నారు. పొదల వెనక నుంచి ఖాకీ చొక్కా ఒకటి లేచి వచ్చింది.

"ఎవలు మీరు? ఆకు తెంపుతున్నరేంది?"

నేను అనుమతి కాగితం చూపించాను. ఆయన కాగితాన్ని కాదు, మా పిల్లలు తెంపిన ఆకులను ఒక్కొక్కటే చూశాడు. చూసే ముందు వేళ్లను చొక్కాకు శుభ్రంగా తుడుచుకున్నాడు. ప్రతి ఆకునూ తిరగేసి కింది పక్కే చూశాడు.

"అన్నా, పైన చూడకుండ కింద చూస్తున్నవేంది?" అన్నాను.

"మొఖం చూస్తే మోసపోతం సార్. మొఖం దేనిదైనా పచ్చగనే ఉంటది. ఈపు చూస్తే ఆకు సంగతి తెలుస్తది. ఊపిరి గటు దిక్కు నుంచే గదా తీసుకునేది."

మా పిల్లలు నా మొహం చూశారు. ఆకు అడుగు భాగంలోనే పత్రరంధ్రాలు ఎక్కువ ఉంటాయని అంతకు ముందు వారమే బోర్డు మీద రంగు సుద్దలతో బొమ్మ గీసి చెప్పాను. పాఠ్యపుస్తకంలో ఎన్నో పేజీలో ఉందో కూడా చెప్పగలను. కానీ అన్నేళ్ల సర్వీసులో అడవికి పోయి ఒక ఆకును తిరగేసి చూసిన పాపాన పోలేదు. "నీకెవరు చెప్పిండ్రన్నా?" అని అడిగితే, "ఎవలు జెప్తరు? దుబాయి చెప్పింది" అన్నాడు.

ఆ దుబాయి కథ ఆయన చెప్పే తీరు చూడాలి. ఊళ్లో మగవాళ్లందరిలాగే ఆయనా పోయాడు. అక్కడ రోడ్డు మధ్యన పెంచే చెట్లకు పైపుతో నీళ్లు కొట్టి ఆకుల మీది ఇసుక దుమ్ము కడగడం ఆయన పని. పొద్దంతా అదే. కంపెనీ మూతపడితే తిరిగొచ్చాడు. "ఎడారిల ఆకు కడిగితే జీతమిచ్చిండ్రు సార్. అడివిల ఆకు కడిగితే పిచ్చోడన్నరు" అని నవ్వేవాడు. నవ్వితే పక్కపళ్లు రెండు లేవని తెలిసేది. నిజంగానే ఆయన భుజం మీది తువ్వాలతో, తాగడానికి తెచ్చుకున్న సీసా నీళ్లతో, దోవ పక్కన చిన్న మొర్రి మొక్కలను తుడుస్తూ పోయేవాడు. అడవినంతా తువ్వాలతో తుడవలేమని ఆయనకు తెలియక కాదు. "తెలుసు సార్, గని దాటిపోబుద్ధి కాదు" అనేవాడు.

వాన గురించి ఆయనకు గట్టి అభిప్రాయాలుండేవి. మబ్బు పడితే ఊరంతా సంతోషిస్తుంటే ఆయన మాత్రం పరేషాన్ అయ్యేవాడు. సన్నగా తుపర పడితే రాతి దుమ్ము ఆకు మీద తడిసి, ఎండి, గచ్చు లెక్క గట్టిపడుతుందట. "పడితే కుండపోత పడాలె, లేకుంటే అసలే పడొద్దు. తుపర పడుడంటే సగం సగం ధర్మం చేసినట్టు" అనేవాడు.

దుమ్ము ఎంత పడుతోందో కొలవడానికి ఆయన ఒక ఉపాయం చేశాడు. ఇంట్లో పాత తెల్లధోవతి చింపి, క్రషర్ దిక్కున ఒక మోదుగ కొమ్మకు ఒక ముక్క, గుట్ట వెనక ఇంకో చెట్టుకు ఒక ముక్క కట్టాడు. వారం తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ దిక్కున ఎంత దుమ్మో పసిపిల్లవాడికైనా తెలుస్తుంది. ఎంత ఖర్చు పెట్టినా ఇంతకంటే తేలికైన పరికరం రాదని నేను మెచ్చుకున్నాను. నెల రోజుల తర్వాత పోయి చూస్తే ఆ మోదుగ చెట్టుకు ఎర్రవి, పచ్చవి, పూల డిజైన్లవి లెక్కలేనన్ని గుడ్డలు కట్టి ఉన్నాయి. చెట్టు మొదలు దగ్గర పసుపు కుంకుమ. రెండు కొబ్బరి చిప్పలు.

"ఏందన్నా ఇది?"

ఆయన నెత్తి గోక్కున్నాడు. "నేను గుడ్డ కట్టుడు ఎవలో చూసిండ్రు. వాచర్ మొక్కు కట్టిండంటే ఏదో ఉంటదనుకున్నరు. ఒక పిలగాడు కట్టినంక వానికి దుబాయి వీసా అచ్చింది. ఇగ ఆగుతరా? ఇప్పుడు నా గుడ్డ ఏదో, దేవుని గుడ్డ ఏదో నాకే తెలుస్తలేదు సార్."

"విప్పెయ్యరాదూ?"

"మొక్కు గుడ్డ ఇప్పుతే తన్నరా? చెట్టుకు గూడ మంచిదే అయింది. దాన్ని ఎవలు ముట్టుకోరు ఇగ." అని, క్రషర్ దిక్కు చూసి, "దుమ్ము తప్ప" అన్నాడు.

ఇంత నవ్వించే మనిషి గొంతు ఒక్క విషయం దగ్గర మారిపోయేది. తునికాకు. ఆ ఊళ్లో మగవాళ్లు దుబాయి పోతే, కొందరు సిరిసిల్ల మరమగ్గాల షెడ్లలో సాంచెల మీద పని వెతుక్కుంటే, ఆడవాళ్లకు మిగిలింది ఆకు. ఎండాకాలం ముందు తునికి పొదలు నరికితే కొత్త చిగురు వస్తుంది. ఆ ఆకు కోసి, యాభై చొప్పున కట్టలు కట్టి, ఆకు కొనడానికి ఊళ్లో పెట్టే కల్లంలో అమ్ముతారు. మిగతా ఏడాదంతా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడతారు. కల్లంలో కొనేవాడు మచ్చపడ్డ ఆకు, చిల్లుపడ్డ ఆకు చూస్తే కట్టకు కట్ట పక్కకు విసిరేస్తాడు. క్రషర్ దిక్కున ఉన్న సగం గుట్టలో ఆకు రెండేళ్లుగా చిన్నదవుతోంది, అంచులు మాడుతున్నాయి, చిగురు విచ్చకముందే మచ్చలు. ఆయన భార్య కూడా ఆ కట్టలు కట్టేవాళ్లలో ఒకామె.

"మొగోళ్లు పోయిండ్రు. ఆకు గూడ పోతే ఆడోళ్లెటు పోవాలె సార్?" అని అడిగాడు. ఆ క్రషర్‌కు ఇచ్చిన అనుమతి గడువు అయిపోవచ్చింది, మళ్లీ పొడిగించమని వాళ్లు దరఖాస్తు పెట్టుకున్నారు. పొడిగించవద్దని ఊరి తరఫున ఒక అర్జీ పెట్టాలని ఆయన కోరిక.

ఒకరోజు కోరుట్లకు బస్సెక్కి వచ్చాడు. టిఫిన్ డబ్బాలో అన్నానికి బదులు తునికాకులున్నాయి. కాలేజీ ల్యాబులో ఆకు అడుగు పొరను ఒలిచి మైక్రోస్కోపు కింద పెట్టాను. నేను చూశాను. పత్రరంధ్రాల్లో రాతిపొడి ఇరుక్కుపోయి ఉంది, ఒకటో రెండో తప్ప అన్నీ మూసుకుపోయాయి. గుట్ట వెనక నుంచి తెచ్చిన ఆకులో అవే రంధ్రాలు శుభ్రంగా ఉన్నాయి. ఆయనను చూడమన్నాను. ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి చాలాసేపు చూశాడు.

"ముక్కుల దూది పెట్టినట్టున్నది సార్" అన్నాడు.

పీనుగ ముక్కులో పెట్టే దూది సంగతి ఆయన చెబుతున్నది. నా సర్వీసులో ఎన్ని వందల మంది పిల్లలో ఆ మైక్రోస్కోపులో చూసి ఉంటారు. ఒక్కరికీ అటువంటి మాట రాలేదు, నాకూ రాలేదు.

అర్జీ నేనే రాశాను. రెండు పేజీలు, చక్కటి తెలుగు. ధూళి రేణువులు, కిరణజన్య సంయోగక్రియ, క్షీణత, అన్నీ వేశాను. చదివి వినిపిస్తే శ్రద్ధగా విని, మళ్లీ చదవమని, ఇంకోసారి కూడా చదవమని, చివరికి భయంభయంగా అడిగాడు. "మంచిగున్నది సార్. గని ఇందుల దుమ్ము అనే మాట యాడున్నది?"

లేదు. వేయలేదు. చివర ఒక వాక్యం కలిపి ఆ మాట చేర్చాను. కింద ఆడవాళ్లందరూ వేలిముద్రలు వేశారు.

అర్జీలు మామూలుగా ఎక్కడికి పోతాయో అందరికీ తెలుసు. ఇది మాత్రం ఎట్లాగో ఫలించింది. చూసి నివేదిక ఇవ్వడానికి ఒక కమిటీ వేశారు. అందులో స్థానికంగా వృక్షశాస్త్రం తెలిసిన మనిషి ఒకరు ఉండాలన్నారు. నన్ను వేశారు. నాకు అంతకుముందు కమిటీలో ఉండే యోగం పట్టలేదు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాను.

కమిటీ వచ్చే ముందు రోజు గుట్టకు నీళ్ల ట్యాంకర్ వచ్చింది. క్రషర్ వాళ్లు పంపారు. పెద్దసార్లు వస్తున్నారు, రోడ్డు పక్క చెట్లు మంచిగ కనపడాలి, పైపుతో కడగమని వాచర్‌కు పైనుంచి హుకుం. ఆ హుకుం వెనక కిటుకు ఏమిటో ఊళ్లో పశువులు కాసే ముసలవ్వకు కూడా అర్థమైంది. ఆడవాళ్లు వచ్చి, కడగొద్దు, దుమ్ముతోటే చూడనీ అని ఆయన చేతిలో పైపు గుంజుకున్నారు.

ఆయన వినలేదు. ఇది నాకు తర్వాత ఆయనే చెప్పాడు. "రెండేండ్ల నుంచి ట్యాంకర్ నీళ్లకు అడుగుతున్న సార్. వాళ్ల మతలబు వాళ్లది, నీళ్లు నీళ్లే గదా. ఇంకోటి, దుమ్ము తీస్తెనే పుండు కనవడుతది. ఆకు మీద దుమ్ముంటే, దులిపితే పోతది గదా అంటరు. కడిగిన ఆకు మీద మచ్చ చూస్తే, గప్పుడు తెలుస్తది లోపల ఎంత పాడయిందో. అందుకే మొఖం, ఈపు రెండు దిక్కుల కడిగిన."

పొద్దు పొడవక ముందు మొదలుపెట్టి, పొద్దుగూకేదాకా కడిగాడు. దుబాయిలో పదేళ్లు నేర్చిన పనితనం అంతా పెట్టాడు. పైపును వేలితో నొక్కి, ధార పలుచగా చేసి, లేత ఆకు చిరగకుండా, కింది నుంచి పైకి.

మరునాడు మా జీపులు ఆ గుట్ట దగ్గర ఆగినప్పుడు అడవి తళతళలాడుతోంది. అంత అందంగా నేను ఎప్పుడూ చూడలేదు. కమిటీకి అధ్యక్షుడైన పెద్దాయన కిటికీ అద్దం దించి, "బ్రహ్మాండంగా ఉందే!" అన్నాడు. దిగాడు. బోర్డు ముందు నిలబడి ఫొటో దిగాడు. వాచర్ దూరంగా, పెద్ద చొక్కాలో అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. చంకలో ఒక పాత నోటుబుక్కు. నెలకు రెండు ఆకులు చొప్పున, క్రషర్ దిక్కుది ఒకటి, వెనక దిక్కుది ఒకటి, రెండేళ్లవి అంటించిన పుస్తకం అది. దాన్ని ఎవరూ అడగలేదు.

వాచరే ముందుకొచ్చి ఒక కొమ్మ వంచి ఆకును తిరగేసి పట్టుకున్నాడు. శుభ్రమైన ఆకు మీద గోధుమరంగు మచ్చలు, మాడిన అంచు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆయన అనుకున్నట్టే. పెద్దాయన కళ్లజోడు సవరించుకుని నా దిక్కు తిరిగాడు.

"ప్రొఫెసర్ గారూ, ఈ మచ్చలు క్రషర్ దుమ్ము వల్లే వచ్చాయని కచ్చితంగా చెప్పగలరా?"

నేను ప్రొఫెసర్‌ను కాదు. జూనియర్ లెక్చరర్‌ను. ఆ పిలుపు నాకు ఎంత నచ్చిందో చెబితే సిగ్గు. ప్రొఫెసర్లు తొందరపడి మాట్లాడరు కదా. గొంతు సవరించుకుని అన్నాను. "కచ్చితంగా అని చెప్పలేమండి. తెగుళ్లు, ఎండ తీవ్రత, ఇతర కారణాలు కూడా ఉండవచ్చు. లోతైన అధ్యయనం జరగాలి."

ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. ఏ పరీక్షలో రాసినా పూర్తి మార్కులు పడతాయి. ఆ తర్వాత నేను పత్రరంధ్రాల గురించి, మైక్రోస్కోపు గురించి చెబుదామనే అనుకున్నాను. కానీ పెద్దాయన "అంతే కదా" అని జీపు ఎక్కాడు. నేను కూడా ఎక్కాను. భోజనాలు చల్లారుతున్నాయన్నారు.

నివేదికలో పచ్చదనం సంతృప్తికరంగా ఉందని రాశారు. నా పేరుతో ఒకే ఒక్క వాక్యం, కచ్చితంగా చెప్పలేమన్నది. కింద సంతకం పెట్టమంటే పెట్టాను. క్రషర్‌కు గడువు పొడిగించారు.

ఆయన నాతో దెబ్బలాడతాడేమో అనుకున్నాను. దెబ్బలాడితే బాగుండేది. నెల తర్వాత నేనే పోయాను. ఎప్పటిలాగే చాయ్ తెప్పించాడు. ఊళ్లో ఆడవాళ్లు "నువ్వు కడిగి ముంచినవ్" అని తిడుతున్నారని నవ్వుతూ చెప్పాడు. నన్ను మాత్రం ఏమీ అనలేదు. లేవబోతుంటే ఒక్కటి అడిగాడు.

"సార్, గారోజు ఆకులు మంచిగ కడిగిన్నా?"

"మంచిగ కడిగినవన్నా" అన్నాను. ఆయన తల ఊపాడు. నేను బస్సెక్కాను.

ఆ మరుసటి ఎండాకాలం ఆ ఊళ్లో కల్లం పెట్టలేదు. ఆకు బాగుండదని కొనేవాళ్లు రాలేదు. ఆయన ఇంకో ఏడాది సీసా నీళ్లతో, తువ్వాలతో గుట్ట చుట్టూ తిరిగాడని విన్నాను. నేను మళ్లీ పోలేదు. పోవడానికి ప్రతిసారీ ఏదో ఒక పని అడ్డం వచ్చేది. నేనే అడ్డం తెచ్చుకున్నాను, పనులు కాదు. ఆయన జ్వరమొచ్చి పోయాడని నాకు తెలిసేసరికి మూడు నెలలు దాటింది.

పోయాను. ఇంటికి తాళం ఉంది. పక్కింటి వాళ్లను అడిగితే క్రషర్ దగ్గరికి పొమ్మన్నారు. ఆకు పోయాక ఊళ్లో ఆడవాళ్లు చాలామంది అక్కడే కూలికి కుదిరారట. ఆయన భార్య కంకర కుప్ప దగ్గర, నోటికి కొంగు కట్టుకుని, తట్టలు నింపుతోంది. కనుబొమ్మలు, చెంపల వెంట్రుకలు తెల్లగా ఉన్నాయి. వయసు వల్ల కాదు. నన్ను గుర్తుపట్టి కొంగు కొంచెం దించింది.

"ఎట్లున్నవు చెల్లె?" అన్నాను. అంతకంటే పనికిమాలిన ప్రశ్న నాకు దొరకలేదు.

"ఏముంది సార్. దుమ్ము లేస్తెనే కూలి" అన్నది.

ఏదో ఓదార్పు మాట అనబోయాను. ఆమె ఆపింది.

"మీరస్తే ఒక మాట అడుగుదామనుకున్న. ఆయన మీ మీద ఎన్నడు కోపం చెయ్యలే. గని మంచంల పడ్డంక ఊకె ఒకటే అడిగేది. సార్ గా ల్యాబుల అద్దంల చూసిండు గదనే, నాకంటే ముందు చూసిండు గదనే. మరి గారోజు తెల్వక చెప్పలేదా, తెలిసి చెప్పలేదా అని. నాకేం తెలుసు? రేపు సార్ అస్తడు, అడుగుదం తీయ్ అని నేను అంటుంటి."

అవతల యంత్రం మొదలైంది. మాటలు వినపడాలంటే గట్టిగా చెప్పాలి. తెగుళ్లు, ఎండ తీవ్రత, ఇతర కారణాలు, అన్నీ నాలుక చివరకు వచ్చాయి.

"తెలిసే" అన్నాను.

ఆమె కొంగును మళ్లీ ముక్కు మీదికి లాగి కట్టుకుంది.

"గదే అనుకున్నడు" అని, తట్ట నెత్తికెత్తుకుని దుమ్ములోకి నడిచింది.